ఊనిక ఎక్కడ పడింది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలే, మన్నించండి. టెక్సాస్‌లో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో డాక్టరు శిక్షణకి వచ్చిన మన పిల్లలు మెడికల్ స్పానిష్, అంటే రోగులతో మాట్లాడే స్పానిష్ అనగానే మాటల జాబితా బట్టీ పడుతున్నారు. ముందు ఊనిక నేర్చుకోండమ్మా, ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో అది.

సూత్రం చిన్నదే. మాట అచ్చుతో గానీ, న్, స్‌లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండోది నొక్కాలి: పస్-తి-యా, అంటే మాత్ర, 'తి' మీద. వేరే హల్లుతో ముగిస్తే చివరిదే: దో-లోర్, నొప్పి. ఇది తప్పిన చోట అచ్చు మీద ఏటవాలు గీత పెడతారు. ఈ-గా-దో, కాలేయం, మొదటి అక్షరం మీద గీత. కో-రా-సోన్, గుండె, చివరిదాని మీద. కడుపుని ఎస్తోమాగో అని తెలుగులో రాస్తే 'స్తో' ఒకటిగా కనిపిస్తుంది, కానీ విడగొట్టేది ఎస్-తో-మా-గో అని. సంయుక్తాక్షరం ముందున్నది గురువని ఛందస్సులో చదివాం కదా, అలా విడగొట్టడానికి ఆ చెవే ఇక్కడా పనికొస్తుంది.

ఇంకా రెండు సూత్రాలు రాసుకొచ్చాను గానీ అసలు సంగతి చెప్పేస్తాను. కొత్తలో ఒక పెద్దాయన్ని చూస్తున్నాను. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగితే ఆయన భార్య "తోమో" అంది. మన తెలుగులో లాగే వాళ్లూ నేను, ఆయన అని ప్రతిసారీ అనరు, క్రియ చివరే చెబుతుంది. 'తో' నొక్కితే నేను వేసుకుంటాను, 'మో' నొక్కితే వేసుకున్నారు. ఆవిడ 'మో' నొక్కింది, నేను 'తో' విన్నాను. ఆవిడ తన మాత్ర గురించి చెబుతోందనుకుని ఆయనకి రెండో డోసు రాయబోయాను. అప్పుడే ఇంటర్‌ప్రెటర్ వచ్చి ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో బాధ. పెద్దక్షరాల్లో, అంటే క్యాపిటల్ లెటర్స్‌లో అచ్చేసిన ఫారాల్లో ఆ గీతలే ఉండవు. పెద్దక్షరాలకీ గీత పెట్టాల్సిందేనని స్పానిష్ రాయల్ అకాడమీ నియమం, అయినా వదిలేస్తారు. మీ చేతికి అలాంటి ఫారం వస్తే పెన్ను తీసి గీత పెట్టండి, దయచేసి.

సరే, ఇప్పుడు నాతో గట్టిగా అనండి. నేను వేసుకుంటాను: 'తో' మీద బరువు. ఆయన వేసుకున్నారు: 'మో' మీద. వెనక వరసవాళ్లు వినపడలేదు, ఇంకోసారి.