వెనక నుంచి బండి గుద్దిన తర్వాత మెడకు ఏం జరుగుతుంది, ఎలా కోలుకోవాలి?

[తెరపై: సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక వచ్చిన కారు గుద్దుతుంది. బంపర్‌కు సొట్ట.]

నమస్కారం. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక వచ్చిన కారు గుద్దుతుంది. బంపర్‌కు సొట్ట పడుతుంది, కాసేపు వాగ్వాదం జరుగుతుంది, ఎవరికీ దెబ్బలు తగలలేదన్న నిశ్చింతతో అందరూ ఇళ్లకు చేరుకుంటారు. మరునాడు ఉదయం లేచేసరికి మెడ పట్టేసి పక్కకు తిరగదు, తల వెనక మొదలైన నొప్పి కణతల దాకా పాకుతుంది, భుజాలు బరువెక్కుతాయి. మెడకు తగిలే ఈ గాయాన్ని విప్‌లాష్ అంటారు. కొందరు దీన్ని అసలు పట్టించుకోరు. మరికొందరు భయపడి కాలర్ వేసుకుని వారాల తరబడి మంచానికే పరిమితమవుతారు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ మందిని దీర్ఘకాలిక నొప్పి వైపు నెడుతోందని నేను భావిస్తున్నాను. అందుకే ఈ వీడియోలో ఎక్కువ సమయం దానికే కేటాయిస్తున్నాను.

[తెరపై: మెడ ఎముకల బొమ్మ, పక్క నుంచి చూసినట్లుగా. ఫాసెట్ కీళ్లు ఎరుపు రంగులో.]

పెద్దవారి తల సుమారు 4.5 నుంచి 5 కిలోల బరువుంటుంది. ఏడు వెన్నుపూసలు, వాటి మధ్య ఉండే డిస్కులు, వెనక వైపు జంటలుగా అమరిన ఫాసెట్ అనే చిన్న కీళ్లు, వాటన్నిటినీ పట్టి ఉంచే స్నాయువులు, కండరాలు కలిసి ఆ బరువును మోస్తాయి. వెనక నుంచి దెబ్బ తగలగానే సీటు మన వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ కింది భాగం వెనక్కు, పై భాగం ముందుకు వంగుతాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనోహర్ పంజాబీ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయాన్ని స్పష్టంగా చూపించాయి. అంతకు ముందు తల మొత్తంగా వెనక్కు విరుచుకుపడటమే గాయానికి కారణమని అనుకునేవారు. నిజానికి తల వెనక్కు పడక ముందే, సెకనులో పదో వంతు కూడా గడవక ముందే, మెడ కింది భాగంలో ఫాసెట్ కీళ్ల అంచులు ఒకదానికొకటి నొక్కుకుని, కీలు చుట్టూ ఉన్న పొర సాగిపోతుంది. కండరాలు బిగుసుకుని అడ్డుపడే వ్యవధి కూడా ఉండదు.

కారు సీటుపై ఉండే హెడ్‌రెస్ట్ వీపు, తల కదలికల మధ్య వచ్చే ఈ తేడాను తగ్గించడానికే ఉంది, తల వాల్చుకుని కునుకు తీయడానికి కాదు. దాని పై అంచు మన నడినెత్తి ఎత్తుకు రావాలి, తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. మెడ దగ్గరే ఆగిపోయేంత కిందకు దించి ఉంచితే అది తలను ఆపలేదు.

నొప్పి ఆలస్యంగా రావడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే సాగిన కణజాలంలో వాపు పెరగడానికి, కండరాలు బిగుసుకోవడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఎక్స్‌రే, ఎంఆర్ఐ రెండూ బాగానే ఉన్నాయని వచ్చినా నొప్పి అబద్ధం కాదు, ఎందుకంటే ఇంత చిన్న కీలు పొరకు తగిలిన గాయం వాటిలో సాధారణంగా కనిపించదు. కుటుంబ సభ్యులు ఈ మాట తప్పక వినాలి. స్కానింగ్‌లో ఏమీ లేదు కాబట్టి నటిస్తున్నారని అనుమానించడం రోగిని ఎంతగానో కుంగదీస్తుంది. దీనికి వ్యతిరేకమైన సందర్భమూ ఉంది. డిస్క్ అరిగిందని రిపోర్టులో రాసి ఉన్నంత మాత్రాన అదే నొప్పికి కారణమని భయపడనక్కరలేదు, నొప్పి లేని వారిలో కూడా వయసుతో పాటు అలాంటి మార్పులు విరివిగా కనిపిస్తాయి.

[తెరపై: అంబులెన్సు. 108 అంకె.]

అయితే కదలికల గురించి మాట్లాడే ముందు ఎముక విరగలేదని నిర్ధారించుకోవాలి. కెనడాలో 2001లో ప్రచురితమైన ఒక నియమావళిని అత్యవసర విభాగాల వైద్యులు ఇందుకు ఉపయోగిస్తారు. దాని ప్రకారం 65 ఏళ్లు, ఆ పై వయసున్నవారికి, చేతుల్లో గానీ కాళ్లలో గానీ తిమ్మిరి ఉన్నవారికి, బండి పల్టీ కొట్టిన లేదా బయటకు ఎగిరిపడిన ప్రమాదాల్లో గాయపడినవారికి తప్పనిసరిగా స్కానింగ్ చేయాలి. మన రోడ్లకు బాగా వర్తించే అంశం ఒకటి అందులో ఉంది: వెనక నుంచి గుద్దింది లారీ గానీ బస్సు గానీ అయితే దాన్ని చిన్న ప్రమాదం కింద లెక్కించరు. బైకు మీద నుంచి పడినవారి విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. అలాంటి వారిని భుజాలు, కాళ్లు పట్టి ఆటోలోకి ఎక్కించకుండా, తలను, మెడను కదలకుండా పట్టుకుని, 108కు ఫోన్ చేసి, శిక్షణ ఉన్నవారు వచ్చేదాకా ఆగడం మేలు. చేతులు కాళ్లు బలహీనపడటం, మూత్రంపై అదుపు తప్పడం, చూపు రెండుగా కనిపించడం, మాట తడబడటం, మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి రావడం, ఇవి ప్రమాదం జరిగిన కొన్ని రోజుల తర్వాత కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

[తెరపై: మెత్తటి కాలర్. దాన్ని తీసి బల్ల మీద పెట్టే చేతులు.]

ఎముకకు, నరాలకు ప్రమాదం లేదని వైద్యులు చెప్పిన తర్వాత కాలర్ అవసరం దాదాపుగా ఉండదు. ఈ మాట చాలామందికి మింగుడుపడదని నాకు తెలుసు, కాలర్ వేసుకుంటే మెడకు రక్షణగా ఉందన్న ధైర్యం కలుగుతుంది. కానీ కదలని కండరం కొద్ది రోజుల్లోనే బలం కోల్పోతుంది, కదలని కీలు బిగుసుకుపోతుంది, మెడ తిప్పితే ఏదో అయిపోతుందన్న భయం మనసులో పాతుకుపోతుంది. స్వీడన్‌లో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, ప్రమాదం జరిగిన తొలి రోజుల్లోనే మెడను నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టినవారికి, విశ్రాంతి, కాలర్ సలహా పొందినవారికంటే నొప్పి ఎక్కువగా తగ్గింది.

ఆ కదలికలు చాలా చిన్నవి. నిటారుగా కూర్చుని, భుజాలు వదులుగా ఉంచి, తలను నొప్పి పెరగని మేరకు కుడివైపుకు, తిరిగి మధ్యకు, తర్వాత ఎడమవైపుకు తిప్పాలి. ఒక్కో వైపు పదిసార్ల చొప్పున రోజులో పలుమార్లు చేయవచ్చు. కాస్త లాగినట్లు అనిపించడం సహజం. నొప్పి చేతిలోకి దిగినా, తిమ్మిరి మొదలైనా ఆపేసి వైద్యులను సంప్రదించాలి. నొప్పి కొంత శాంతించాక ఫిజియోథెరపిస్టు మెడ ముందు వైపు లోపల ఉండే కండరాలకు వ్యాయామం నేర్పుతారు. వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా, అవునని చెప్పినట్లు గడ్డాన్ని మెల్లగా కిందకు వంచి పది సెకన్లు ఉంచడం వాటిలో ముఖ్యమైనది. చూడటానికి ఇది వ్యాయామంలాగే అనిపించదు, కానీ విప్‌లాష్ తర్వాత బలహీనపడేది సరిగ్గా ఈ కండరాలే.

ఇంటి పనులు, నడక, ఉద్యోగం వీలైనంత త్వరగా తిరిగి మొదలుపెట్టవచ్చు. పక్కకు చూడగలిగేంతగా మెడ తిరిగేదాకా బండి మాత్రం నడపకూడదు. వేడినీటి కాపడం, పారాసిటమాల్ చాలామందికి సరిపోతాయి. కడుపులో పుండ్లు, మూత్రపిండాల సమస్యలు ఉన్నవారు ఇతర నొప్పి మాత్రలను వైద్యులను అడగకుండా వేసుకోకూడదు.

క్షౌరశాలలో తలను రెండు చేతులతో పట్టుకుని ఒక్క ఉదుటున తిప్పి మెటిక విరిపించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. గాయపడిన మెడకు దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించుకోవద్దు. వెన్నుపూసల గుండా మెదడుకు వెళ్లే ధమని లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. చేయి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకునేవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు, ఆ నమ్మకం మెడ దాకా రాకూడదని మాత్రం గట్టిగా కోరుతున్నాను.

[తెరపై: రాత్రి వేళ, నిద్రపట్టక కూర్చున్న మహిళ.]

విప్‌లాష్ తగిలినవారిలో సుమారు సగం మందికి ఏడాది తర్వాత కూడా ఎంతో కొంత మెడ నొప్పి ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. తొలి రోజుల్లో నొప్పి మరీ తీవ్రంగా ఉన్నవారికి, హారన్ వినగానే ఉలిక్కిపడేవారికి, ఆ దృశ్యమే కళ్ల ముందు మెదిలి నిద్రపట్టని వారికి కోలుకోవడం ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియాలో మిషెల్ స్టెర్లింగ్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాయామంతో పాటు ఒత్తిడిని ఎదుర్కొనే శిక్షణ కూడా పొందినవారు, వ్యాయామం మాత్రమే చేసినవారికంటే మెరుగ్గా కోలుకున్నారు. కాబట్టి ఆ భయాన్ని గురించి వైద్యులకు చెప్పడం పిరికితనం కాదు, చికిత్సలో భాగం.

మూడు నెలలు దాటినా నొప్పి తగ్గకపోతే నొప్పి చికిత్స నిపుణులను కలవాలి. నొప్పి ఫలానా ఫాసెట్ కీలు నుంచే వస్తోందని మత్తు ఇంజెక్షన్లతో నిర్ధారించగలిగితే, ఆ కీలుకు వెళ్లే సన్నని నరాన్ని రేడియో తరంగాల వేడితో పనిచేయకుండా చేస్తారు. ఉపశమనం నెలల తరబడి ఉంటుంది, నరం మళ్లీ పెరిగితే నొప్పి తిరిగి రావచ్చు, అప్పుడు అదే చికిత్సను మరోసారి చేయవచ్చు. నొప్పి లేని ఆ నెలల్లో వ్యాయామాన్ని మానకుండా కొనసాగించాలి.