ఎఫ్ పోయిన వేసవి

శ్రోతలకు నమస్కారం.

2002వ సంవత్సరం, మే నెల. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా ఇంట్లో కేబుల్ లేదు, పెదనాన్నగారింట్లో ఉండేది. మధ్యాహ్నం అన్నం తినడం ఆలస్యం, అక్కడికి పరుగెత్తేవాణ్ణి. పెదనాన్నగారి అబ్బాయి నాకంటే మూడేళ్ళు పెద్ద. అప్పటికే రిమోట్ పట్టుకుని కూర్చుని ఉండేవాడు. ఆ రోజు కూడా కుస్తీ ప్రోగ్రాం మొదలైంది. బాణసంచా పేలింది, పాట మోగింది, జనం అరుస్తున్నారు. అంతా ఎప్పటిలాగే ఉంది. కానీ అన్న ఎందుకో లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. తెర మూలన ఉన్న గుర్తు మీద వేలు పెట్టి, "ఒరేయ్, ఎఫ్ ఏదిరా?" అన్నాడు.

నిజమే, డబ్ల్యూ డబ్ల్యూ ఎఫ్ అనే అమెరికా కుస్తీ కంపెనీ గుర్తులో ఎఫ్ లేదు. గోళ్ళతో గోకినట్టుండే ఆ రెండు డబ్ల్యూలు అలాగే ఉన్నాయి. కింద ఎర్ర గీత ఉంది. ఎఫ్ మాత్రం తీసేశారు. పేరు డబ్ల్యూ డబ్ల్యూ ఈ అయింది. కొత్తగా వచ్చిన 'ఈ' అనే అక్షరం పేరులో ఉందిగాని ఆ గుర్తులో లేదు. అంటే తెర మీద మాకు కనిపించింది కొత్త పేరు కాదు, పాత పేరులో పడిన ఖాళీ.

మా వీధిలో దాన్ని సరిగ్గా పలికినవాళ్ళు లేరు. డబ్ల్యూ అనేది నోటికి పెద్ద మాట. అందుకని అందరం "డబుల్ డబుల్ ఎఫ్" అనేవాళ్ళం. చివరి ఎఫ్ దగ్గర నోరు మూసుకుపోతుంది, దెబ్బ పడి ఆగినట్టు ఉంటుంది. "డబుల్ డబుల్ ఈ" అని పలికి చూడండి, చివర సాగిపోతుంది. వినేవాళ్ళకు చిన్న తేడా అనిపిస్తుంది. రోజుకు యాభైసార్లు ఆ మాట అనే పిల్లలకు అది చిన్నది కాదు.

అన్నిసార్లు అనడానికి కారణం టీవీ ఒక్కటే కాదు, కార్డులు. తొంభైలలో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. స్టేషనరీ కొట్టులో చిన్న అట్టపెట్టెలో అమ్మేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో పహిల్వాను బొమ్మ, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. బరువు అడిగితే యోకోజునా ఉన్నవాడిదే గెలుపు. ర్యాంకు అడిగితే చిన్న అంకె ఉన్నవాడు గెలుస్తాడు. నాకు ఎక్కాలు ఎంత బాగా వచ్చో అండర్‌టేకర్ ఎత్తు, బ్రెట్ హార్ట్ బరువు కూడా అంత బాగా వచ్చేవి. పేరు మారిన తర్వాత కూడా మా ఊరి కొట్టులో చాలాకాలం ఎఫ్ ఉన్న పెట్టెలే అమ్మారు. మేమూ అవే కొన్నాం.

ఇంతకీ ఎఫ్ ఎందుకు పోయింది?

అడవులను, వన్యప్రాణులను కాపాడే ప్రపంచ సంస్థ ఒకటుంది. 1961లో పుట్టింది. నలుపు తెలుపు పాండా దాని గుర్తు. వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్, పొట్టిగా డబ్ల్యూ డబ్ల్యూ ఎఫ్. మన దేశంలోనూ 1969 నుంచి దాని శాఖ పనిచేస్తోంది. 1986లో పెద్దపేరును వరల్డ్ వైడ్ ఫండ్ ఫర్ నేచర్ అని మార్చుకుంది కానీ ఆ మూడక్షరాలను వదులుకోలేదు. కుస్తీ కంపెనీ అదే మూడక్షరాలను వాడటం మొదలుపెట్టింది 1979లో, అంటే ఆ సంస్థ పుట్టిన 18 ఏళ్ళ తర్వాత. కుస్తీ అమెరికా దాటి ప్రపంచమంతా పాకేసరికి గొడవ ముదిరింది. 1994లో రెండు పక్షాలూ ఒప్పందం రాసుకున్నాయి. అమెరికా బయట ఆ అక్షరాల వాడకాన్ని బాగా తగ్గిస్తామని కుస్తీ కంపెనీ ఒప్పుకుంది. కానీ తర్వాతి ఏళ్ళలో ఇంటర్నెట్ వచ్చింది, శాటిలైట్ చానళ్ళు పెరిగాయి. 1997లో కంపెనీ అదే పేరుతో వెబ్‌సైట్ తెరిచింది. పాండా సంస్థ లండన్ హైకోర్టుకు వెళ్ళింది. 2001 ఆగస్టులో తీర్పు దానికే అనుకూలంగా వచ్చింది. 2002 ఫిబ్రవరిలో కుస్తీ కంపెనీ అప్పీలు కూడా ఓడిపోయింది.

నేను కుస్తీ అభిమానిని. అయినా ఒక మాట చెప్పాలి. న్యాయం పాండా వైపే ఉంది. మా స్కూల్లో బయాలజీ మాస్టారి గదిలో ఒక పోస్టరు ఉండేది. పాండా బొమ్మ, కింద ఆ మూడక్షరాలు. అది చూసిన ప్రతిసారీ మా తరగతిలో సగం మందికి గుర్తొచ్చింది పహిల్వాను హల్క్ హోగనే గాని అడవి కాదు. లండన్ కోర్టులో ఆ సంస్థ చెప్పుకున్న బాధ అదే. పైగా అవతలివాళ్ళు సంతకం పెట్టి మాటిచ్చారు. ఇచ్చిన మాట తప్పినప్పుడు పేరు వదులుకోవడం తప్పదు.

2002 మే 4న లండన్ వెంబ్లీ ఎరీనాలో ఒక పెద్ద కార్యక్రమం జరిగింది. పాత పేరుతో జరిగిన చివరి పెద్ద కుస్తీ రాత్రి అది. రెండు రోజుల తర్వాత, మే 6న, కంపెనీ సొంత రాష్ట్రం కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో కొత్త పేరు మొదలైంది. ఆ మార్పును ప్రచారం చేయడానికి ఎఫ్‌ను బయటికి గెంటండి అనే అర్థం వచ్చే నినాదం పెట్టారు. ఇంగ్లీషులో అందులో ఒక పెడసరపు అర్థం కూడా ఉంది. కోర్టులో ఓడిన సంగతిని ఆ నినాదంతో తమ సొంత నిర్ణయంలా చూపించారు. వ్యాపారానికి అది తెలివైన పనే. కానీ పాత పేరును పుస్తకం అట్టల మీద రాసుకున్న పిల్లలు ఆ రోజుల్లో ఎంతమంది? వాళ్ళు ప్రేమించిన అక్షరాన్ని చెత్తలా బయట పారేయమనడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

పేరు మారడం ఆ కంపెనీకి కొత్త కాదు. 1963లో దాని పేరు వరల్డ్ వైడ్ రెజ్లింగ్ ఫెడరేషన్. మూడు డబ్ల్యూలు, ఒక ఎఫ్. ఆ ఏడాది మే 17న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రూనో సమ్మార్టినో 48 సెకన్లలో బడ్డీ రోజర్స్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. ఇటలీలో పుట్టి, యుద్ధకాలంలో కొండల్లో తలదాచుకుని బతికి, అమెరికా చేరినవాడు. ఏడేళ్ళకు పైగా ఆ బెల్టు వదల్లేదు. అతన్ని చూసి పెరిగిన న్యూయార్క్ పెద్దవాళ్ళకు మూడు డబ్ల్యూల పేరే అసలు పేరు. 1979లో 'వైడ్' అనే మాట తీసేసినప్పుడు వాళ్ళకూ నోరు తిరగడానికి కొన్నాళ్ళు పట్టి ఉంటుంది. ఆంధ్రా బ్యాంకు బోర్డు మారి ఇన్నేళ్ళైనా మా అమ్మ "ఆంధ్రా బ్యాంకుకు వెళ్ళొస్తా" అనే చెప్పి బయల్దేరుతుంది. నేను ఎప్పుడూ సరిదిద్దలేదు.

అయితే 2002 మార్పులో ఇంకో సంగతి ఉంది. పోయిన ఎఫ్ కంటే వచ్చిన 'ఈ' మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఎఫ్ అంటే ఫెడరేషన్. అంటే ఏదో క్రీడా సమాఖ్య, నియమాలు, పెద్దమనుషులు. 'ఈ' అంటే ఎంటర్‌టైన్‌మెంట్. వినోదం. మా ఇంట్లో తాతయ్యకు, మాకు మధ్య ఎన్నో ఏళ్ళుగా ఒకే తగువు. "ఆళ్ళు ఉత్తుత్తినే కొట్టుకుంటారురా, ముందే అనుకుని వస్తారు" అనేవారు ఆయన. "కాదు తాతయ్యా, రక్తం చూడు" అనేవాళ్ళం మేం. ఇప్పుడు కంపెనీయే తన పేరులో వినోదం అని రాసుకుంది. అన్న ఆ సంగతి తాతయ్యకు చెప్పలేదు. నన్నూ చెప్పొద్దన్నాడు.

నిజానికి కంపెనీ ఆ మాట 1989లోనే ఒప్పుకుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది క్రీడ కాదు, వినోదం అని చెప్పింది. క్రీడ అంటే ప్రభుత్వ క్రీడా కమిషన్ పర్యవేక్షణ, లైసెన్సులు, ఫీజులు ఉంటాయి. వినోదమంటే అవి ఉండవు. ఆ సంగతి మా ఊరికి చేరడానికి 13 ఏళ్ళు పట్టింది.

తాతయ్య అన్నది నిజమే. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. కానీ మేం అన్నది అబద్ధమా? 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో, ఇనుప పంజరం పైనుంచి, దాదాపు 16 అడుగుల ఎత్తు నుంచి, అండర్‌టేకర్ మ్యాన్‌కైండ్‌ను కిందికి తోశాడు. మ్యాన్‌కైండ్ వేషంలో ఉన్న మిక్ ఫోలీ వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డాడు, బల్ల ముక్కలైంది. పడతానని ఆయనకు ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన నేల మెత్తబడదు కదా. మన పల్లెల్లో వీధి భాగోతం ఆడేటప్పుడు కీచకుడు చస్తాడని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని, భీముడు పట్టు పట్టే క్షణానికి లేచి నిలబడతారు. అక్కడ ఎవరూ ఇది నిజమా అని అడగరు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టి ఉంటే తాతయ్యతో ఇంకోలా మాట్లాడేవాణ్ణి. ఆయన హరికథలంటే ప్రాణం పెట్టే మనిషి. తప్పకుండా ఒప్పుకునేవారు.

ఆ మే నెలలో మాకు ఊరటగా నిలిచినవాడు హల్క్ హోగన్. 1984 జనవరిలో ఐరన్ షీక్‌ను ఓడించి, ఆ మూడక్షరాలను ప్రపంచానికి పరిచయం చేసింది ఆయనే. మధ్యలో వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. 2002లో తిరిగొచ్చి, ఏప్రిల్ 21న ట్రిపుల్ హెచ్‌ను ఓడించి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. పేరు మారిన రోజున బెల్టు ఆయన నడుముకే ఉంది. పాత పేరుకు చివరి ఛాంపియన్, కొత్త పేరుకు మొదటి ఛాంపియన్ ఒక్కడే. మే 19న అండర్‌టేకర్ చేతిలో ఓడిపోయాడు. కావాలని అలా కుదిర్చారో, అలా కలిసొచ్చిందో గాని, చేయిపట్టి ఏరు దాటించినట్టు ఉంది.

అసలు బాధ పెట్టింది వేరే విషయం. తీర్పు వచ్చాక పాత వీడియోల మీద కూడా ఆంక్ష పడింది. 1997 తర్వాత వాడిన ఆ గోకుడు గుర్తు కనిపించిన ప్రతిచోటా మసక వేశారు. రింగు గట్టు మీద మసక, పహిల్వాను చొక్కా మీద మసక, జనం పట్టుకున్న అట్టల మీద మసక. వ్యాఖ్యాత ఆ మూడక్షరాలు పలికినచోట శబ్దం నొక్కేసేవారు. ఎంతో ఆవేశంగా అరుస్తున్న గొంతు మధ్యలో ఒక్క క్షణం మూగబోయి మళ్ళీ మొదలయ్యేది. కొత్త పేరుకు మేం ఏడాదిలో అలవాటు పడ్డాం. ఈ మసకకు మాత్రం అలవాటు పడలేదు. ఇకమీదట ఏమని పిలవాలో చెప్పండి, అలాగే పిలుస్తాం. కానీ 1999లో మేం విన్న మాటను వినలేదనడం ఎలా కుదురుతుంది? ఒక తరం అభిమానులు పదేళ్ళపాటు తమ చిన్నతనాన్ని మసకలోనే చూసుకున్నారు.

2012లో రెండు సంస్థలూ రాజీకొచ్చాయి. కొత్తగా చేసేవాటిలో ఆ అక్షరాలు వాడరు, పాతవాటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టు చూపించవచ్చు. ఇంతకంటే మంచి తీర్మానం నాకు తోచదు. పదేళ్ళ ముందే కుదిరి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు ఆ పేరుకు విస్తరణ కూడా లేదు. 2011లోనే కంపెనీ డబ్ల్యూ డబ్ల్యూ ఈ అంటే అంతే, ఏ మాటలకూ పొట్టిరూపం కాదు అని చెప్పేసింది. 2023 సెప్టెంబరు 12న మిశ్రమ యుద్ధక్రీడల పోటీలు నడిపే యూఎఫ్‌సీతో కలిసి టీకేఓ అనే పెద్ద కంపెనీలో భాగమైంది. దానికి నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 8న, వాళ్ళు మన హైదరాబాదు వచ్చారు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. జాన్ సీనా వచ్చాడు. సీనా టీవీలో తొలిసారి బరిలోకి దిగింది 2002 జూన్ 27న, పేరు మారిన ఏడు వారాలకు. అతన్ని చూసి పెరిగిన పిల్లలకు 'ఈ' అన్నదే అసలు పేరు, పుట్టుపేరు. వాళ్ళ గొంతులో ఆ అక్షరం సాగినట్టు వినిపించలేదు నాకు. నిండుగా వినిపించింది.

అన్న రాలేదు. ఉద్యోగం, పిల్లలు, ఎప్పుడో చూడటం మానేశాడు. తర్వాత సంక్రాంతికి ఊళ్ళో కలిశాం. రాత్రి భోజనాలయ్యాక ఫోనులో 1999 నాటి పాత ఎపిసోడ్ ఒకటి పెట్టాను. అన్న పక్కన కూర్చుని పరధ్యానంగా చూస్తున్నాడు. రింగు గట్టు మీద గుర్తు స్పష్టంగా ఉంది. వ్యాఖ్యాత గొంతు పెంచి ఆ మూడక్షరాలూ అన్నాడు, ఎక్కడా తెగకుండా. అన్న నా చేతిలోంచి ఫోను తీసుకుని, వెనక్కి జరిపి, చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి విన్నాడు.

నమస్కారం.