ఈ ప్రకటన ఎవరు వేయించారు?

శ్రోతలకు నమస్కారం.

వంశవృక్షం రాద్దామని కూర్చున్నవాళ్లకు మొదట దొరికేవి మూడు తేదీలు. పుట్టినరోజు, పెళ్లిరోజు, పోయినరోజు. ఈ మూడింటి మధ్య అరవై, డెబ్బై ఏళ్లు ఆ మనిషి ఎక్కడెక్కడ బతికాడు, ఏ పని చేశాడు, ఎవరితో చెడింది, ఎవరు ఆదుకున్నారు అనే సంగతులు రిజిస్టర్లలో ఉండవు. వాటికోసం పాత వార్తాపత్రికలు, ప్రభుత్వ గెజిట్లు తిరగెయ్యాలి. కొన్ని దేశాల్లో ఇవి లక్షలాది పేజీలు స్కాన్ అయి, ఇంట్లో కూర్చుని చదువుకునేలా ఉన్నాయి. చదివే పద్ధతి తెలియాలి, అంతే.

చాలామంది ముత్తాతగారి పేరు టైపు చేసి, ఆయన పోయినప్పుడు రాసిన సంతాప వార్త కోసం చూస్తారు. దొరకదు. ‘మావాళ్లు పేపర్లో పడేంత గొప్పవాళ్లు కాదులెండి’ అని వదిలేస్తారు. గొప్పతనానికీ దీనికీ సంబంధం లేదు. మామూలు మనుషుల పేరు అచ్చులోకి ఎక్కేది ఎక్కువగా ఇబ్బందుల్లోనే. అప్పు తీర్చలేకపోవడం, వ్యాపారంలో పొత్తు చెడిపోవడం, ఇల్లు వదిలి వెళ్లిపోవడం, తోబుట్టువుల జాడ తెలియకపోవడం. అందుకే ఏ పాత ప్రకటన కంటబడినా ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. దీన్ని ఎవరు వేయించారు? ఎందుకు వేయించాల్సి వచ్చింది?

గెజిట్‌తో మొదలుపెడదాం. 1665లో లండన్‌లో ప్లేగు చెలరేగితే రెండో ఛార్లెస్ రాజు కొలువు ఆక్స్‌ఫర్డ్‌కు మారింది. ఆ నవంబరులో అక్కడ మొదలైన ‘ఆక్స్‌ఫర్డ్ గెజిట్’, మరుసటి ఏడాది కొలువు తిరిగి వెళ్లాక ‘లండన్ గెజిట్’ అయింది. ఇప్పటికీ వస్తోంది. పాత సంచికలు ఇంటర్నెట్‌లో ఉచితం. నిజం చెప్పాలంటే ఇంత నీరసంగా ఉండే పత్రిక ఇంకోటి ఉండదు. నియామకాలు, ప్రమోషన్లు, కోర్టు నోటీసులు... పేజీల తరబడి అవే. కానీ ఆ నీరసమైన పేజీల్లోనే ఒక మనిషి జీవితం మొత్తం ఒక్క వాక్యంలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఎలాగో చెబుతాను.

ఇంగ్లండులో 1861 దాకా దివాలా ప్రకటించే వెసులుబాటు వర్తకులకే ఉండేది. గుమాస్తా, బడిపంతులు, రైతు అప్పు కట్టలేకపోతే అప్పిచ్చినవాడు జైల్లో పెట్టించవచ్చు. అలాంటివాళ్ల దరఖాస్తులు వినడానికి 1813లో ప్రత్యేకంగా ఓ కోర్టు పెట్టారు. విడుదల కోరుకునేవాడి వివరాలు గెజిట్‌లో రావాలి. అప్పిచ్చినవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, ఒక్కొక్కరికి ఆ మనిషి ఒక్కో చిరునామాలో తెలుసు. వాళ్లందరూ గుర్తుపట్టాలంటే అతను ఉన్న ఇళ్లన్నీ, చేసిన పనులన్నీ వరసగా రాయక తప్పదు. మొదట ఫలానా వీధిలో రొట్టెల దుకాణం. తర్వాత ఫలానా చోట అద్దెగదిలో, ఏ పనీ లేకుండా. ఆ తర్వాత ఇంకొకరి దగ్గర జీతానికి. చివరగా ఫలానా సందులో. కొన్నింట్లో భార్య టోపీలు కుట్టి అమ్ముతోందన్న ముక్క కూడా ఉంటుంది. పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు ఇంత చెప్పవు. రెండు లెక్కల మధ్య మూడు ఇళ్లు మారినవాడు ఆ లెక్కల్లో రెండు ఇళ్లలోనే కనిపిస్తాడు. గెజిట్‌లోని ప్రతి చిరునామా మళ్లీ ఓ దారి చూపిస్తుంది. ఏ చర్చి రిజిస్టరులో పిల్లల పేర్లు వెతకాలో, ఏ ఊరి పన్నుల పుస్తకం తీయాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

అప్పులపాలైన పూర్వీకుడు దొరికితే కొందరు ముఖం చిన్నబుచ్చుకుంటారు. నాకైతే అలాంటి పూర్వీకుడు ఉండటం అదృష్టమే అనిపిస్తుంది. సుఖంగా బతికినవాళ్ల గురించి కాగితాలు తక్కువ.

గెజిట్‌లో ఇంకా చాలా రకాలున్నాయి. పొత్తు వ్యాపారం రద్దయితే భాగస్వాముల పేర్లన్నీ వేస్తారు, అందులో తండ్రీకొడుకులు, బావాబావమరుదులు తరచు బయటపడతారు. మనిషి పోయాక, ఆయన నుంచి బాకీలు రావాల్సినవాళ్లు ఫలానా తేదీలోగా చెప్పుకోండి అంటూ వచ్చే నోటీసులో వృత్తి, ఇల్లు, వీలునామా అమలు చేసేవాళ్ల పేర్లు, వకీలు పేరు దొరుకుతాయి. పేరు మార్చుకున్నవాళ్ల ప్రకటనలూ ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో జర్మన్ పేర్లున్న కుటుంబాలు చాలా పేర్లు మార్చుకున్నాయి. సాక్షాత్తూ అయిదో జార్జి రాజే 1917 జులైలో తన వంశం పేరును విండ్సర్‌గా మార్చుకున్నాడు. ఒక తరం నుంచి హఠాత్తుగా ఇంటిపేరు మాయమైపోతే, మనిషి మాయమయ్యాడని కాదు, ఈ నోటీసులు చూడమని.

ఆస్ట్రేలియా గెజిట్లది ఇంకో తీరు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ గెజిట్ 1832లో మొదలైంది. శిక్షపడి బ్రిటన్, ఐర్లండుల నుంచి ఓడలమీద వచ్చినవాళ్లలో ఎవరైనా పని చేసే చోటు నుంచి పారిపోతే వాళ్ల వివరాలు అందులో వేసేవారు. వయసు, ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు, వచ్చిన ఓడ పేరు, ఒంటిమీద మచ్చలు, పచ్చబొట్లు. తర్వాతి కాలపు పోలీసు గెజిట్లలో పెళ్లాం పిల్లల్ని వదిలేసి పోయిన మొగుళ్ల గురించి కూడా ఇలాగే వచ్చేది. ఫొటో తీయించుకోని మనిషి రూపం మనకు తెలిసే మార్గం చాలాసార్లు ఇదొక్కటే. పట్టుకోవడానికి రాసిన వివరాలు కాబట్టి మొహమాటం ఉండదు, ఉన్నదున్నట్టు రాస్తారు.

ఇక వార్తాపత్రికలు. 18, 19 శతాబ్దాల పత్రికల్లో తరచూ కనిపించే ప్రకటన ఒకటుంది. ‘నా భార్య ఇల్లు విడిచి వెళ్లింది, ఆమె చేసే అప్పులకు నేను బాధ్యుణ్ని కాను’ అని భర్త వేయించేది. ఎవరు వేయించారన్న ప్రశ్న ఇక్కడే బాగా పనికొస్తుంది. డబ్బులిచ్చి వేయించింది భర్త, కాబట్టి ఇది ఒకవైపు మాటే. కొన్నిసార్లు భార్య కూడా జవాబు వేయించేది, తను ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెబుతూ. అందుకని ప్రకటన దొరగ్గానే సంబరపడి ఆగిపోకుండా తర్వాతి నాలుగైదు సంచికలూ తిరగెయ్యాలి.

చిన్న మరణవార్తల కింద ఒక్కోసారి ‘అమెరికా పత్రికలు దయచేసి దీన్ని వేసుకోగలరు’ అనో, ‘ఆస్ట్రేలియా పత్రికలు వేసుకోగలరు’ అనో ఉంటుంది. హడావుడిగా చదివేవాళ్లు ఆ లైను దాటేస్తారు. బంధువులెవరో ఆ దేశంలో ఉన్నారని, వాళ్లకు ఉత్తరం కంటే ముందో, చిరునామా తెలియకో పత్రిక ద్వారా కబురు పంపాలనుకున్నారని దానర్థం. సముద్రం దాటిపోయిన శాఖ ఏదో ఉందని వంశవృక్షంలో గుర్తు పెట్టుకోవచ్చు.

సముద్రం దాటినవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి బోస్టన్‌లోని ‘పైలట్’ పత్రిక గురించి చెప్పుకోవాలి. ఐర్లండు నుంచి అమెరికా వెళ్లినవాళ్లు తమ బంధువుల జాడ కోరుతూ 1831 నుంచి 1921 దాకా అందులో ప్రకటనలు వేయించారు. అమెరికా జనాభా లెక్కల్లో పుట్టినచోటు అనే గడిలో చాలావరకు ‘ఐర్లండు’ అని మాత్రమే ఉంటుంది, దాంతో దారి మూసుకుపోతుంది. ఈ ప్రకటనల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది), చర్చి పరిధి, ఒక్కోసారి పల్లె పేరు కూడా ఉంటుంది. ఎప్పుడు ఓడ ఎక్కాడు, ఆఖరుసారి ఏ రైలుమార్గం పనిలో ఉన్నాడని విన్నారు, అన్నీ. పైగా 1922లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డు ఆఫీసు తగలబడి 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. అమెరికా 1890 జనాభా లెక్కలకూ అదే గతి. 1921లో వాషింగ్టన్‌లో మంటలంటుకుని ఎక్కువ భాగం పాడైపోయాయి. ఆ ఖాళీలను పూడ్చుకోవడానికి మిగిలినవాటిలో పత్రికలు ముఖ్యమైనవి.

వీటన్నింటిలో చదవడానికి గుండె గట్టిగా ఉండాల్సినవి న్యూ ఆర్లీన్స్‌లో వెలువడిన ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్’లోని ప్రకటనలు. 1877 నుంచి అందులో ‘తప్పిపోయిన ఆప్తులు’ అనే కాలమ్ నడిచింది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివాళ్లు, ఎప్పుడో అమ్మకాల్లో చెల్లాచెదురైన తల్లినీ, అన్ననీ, బిడ్డనీ వెతుక్కుంటూ రాసినవి. చందాదారులకు ఉచితం, మిగతావాళ్లకు యాభై సెంట్లు. చదువురానివాళ్లకు కూడా చేరాలని చర్చిల్లో పాస్టర్లు వీటిని బయటికి చదివి వినిపించాలని పత్రిక కోరేది. ఈ ప్రకటనల్లో ఆప్తుల పేర్లతోపాటు యజమానుల పేర్లూ ఉంటాయి. మా మొదటి యజమాని ఫలానావాడు, అతని నుంచి ఫలానావాడు కొన్నాడు, అమ్మను ఫలానా చోటికి తీసుకుపోయారు, అప్పుడు నాకు ఇన్నేళ్లు అని. యజమాని మారితే పిలిచే ఇంటిపేరూ మారిపోయేది కాబట్టి తమను గుర్తుపట్టడానికి ఆ పేర్లు రాయక తప్పలేదు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు జరిగిన జనాభా లెక్కల పట్టికల్లో బానిసల పేర్లు సాధారణంగా రాయలేదు, యజమాని పేరు కింద వయసు, రంగు, ఆడో మగో లాంటివే రాశారు. అందుకని వాళ్ల వారసులకు ఈ నాలుగైదు లైన్లే అంత విలువైనవి.

వెతికేటప్పుడు వచ్చే చిక్కులు కూడా కొంచెం చెబుతాను. స్కాన్ చేసిన పేజీని కంప్యూటరు చదివి అక్షరాలుగా మారుస్తుంది, మనం వెతికేది ఆ అక్షరాల్లో. పాత అచ్చు చెదిరిపోయి ఉంటే అది తప్పు చదువుతుంది. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎమ్ అనుకుంటుంది. 1800కు ముందటి అచ్చులో ఎస్ అక్షరం పొడుగ్గా, ఎఫ్‌లా ఉండేది, దాన్ని ఎఫ్‌గానే చదువుతుంది. పేరుతో దొరక్కపోతే వీధి పేరుతో, ఓడ పేరుతో, వృత్తితో వెతకండి. ఆడవాళ్ల కోసమైతే భర్త పేరుతో వెతకాలి, ఎందుకంటే మిసెస్ అని పెట్టి భర్త పూర్తి పేరు వేయడం అప్పటి అలవాటు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ‘ట్రోవ్’లో ఈ తప్పుల్ని ఎవరైనా దిద్దవచ్చు. న్యూజిలాండ్ వాళ్ల ‘పేపర్స్ పాస్ట్’, అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ‘క్రానిక్లింగ్ అమెరికా’ కూడా ఉచితమే. ‘బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్’లో చాలా పేజీలకు చందా కట్టాలి.

తేదీల దగ్గర జాగ్రత్త. పాత వార్తల్లో తేదీ పక్కన ‘ఇన్‌స్టంట్’ అని ఉంటే ఈ నెల, ‘అల్టిమో’ అని ఉంటే కిందటి నెల. మే 3 నాటి పత్రికలో ‘28 అల్టిమో’ అంటే ఏప్రిల్ 28. ఇంగ్లండులో 1752కు ముందు అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ఫిబ్రవరి 1720 అని అచ్చయింది మన లెక్కలో 1721 కావచ్చు. సంతాప వార్తల్లోని వయసునూ, పొగడ్తలనూ రిజిస్టరుతో సరిచూసుకోవాలి. వాటికి వివరాలిచ్చింది దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు. అప్పుల నోటీసులో తప్పు చిరునామా ఇస్తే విడుదలకే ఎసరు, కాబట్టి నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

దొరికిన ముక్కను కత్తిరించి దాచుకునేటప్పుడు పత్రిక పేరు, తేదీ, పేజీ, కాలమ్ దాని పక్కనే రాసుకోండి. ఇక వెతికినా రానంతమాత్రాన అచ్చు కాలేదని అనుకోకండి. స్కాన్ కాని పత్రికలు ఇంకా ఎన్నో గ్రంథాలయాల్లో మైక్రోఫిల్ములుగా, కట్టలుగా ఉన్నాయి. కొన్ని అసలే మిగల్లేదు. 1940 అక్టోబరులో లండన్‌లోని కాలిండేల్ పత్రికల గ్రంథాలయంమీద బాంబు పడి వేల సంపుటాలు నాశనమయ్యాయి. అలాంటప్పుడు పొరుగు ఊరి పత్రిక అడగండి. అప్పట్లో పత్రికలు ఒకదాని వార్తలు ఇంకొకటి ఎత్తి వేసుకునేవి. మీవాళ్ల ఊరి పత్రిక తగలబడిపోయినా, ఆ నాలుగు లైన్లు పక్క ఊరి పేపర్లో మూడో పేజీలో ఉండే అవకాశం బాగానే ఉంది.

నమస్కారం.