చుక్క పెట్టకుండానే పుట్టిన చుక్కలు: యయోయి కుసామా ‘నంబర్ ఎఫ్’ రివ్యూ

నమస్కారం. విజయనగరం నుంచి చేస్తున్న ఈ రివ్యూలో నేటి అంశం జపాన్ చిత్రకారిణి యయోయి కుసామా 1959లో గీసిన ‘నంబర్ ఎఫ్’. కుసామా అనగానే చుక్కల గుమ్మడికాయ బొమ్మలే అందరికీ గుర్తుకు వస్తాయి. అయితే ఆమె చుక్క ఎలా పుడుతుందో తెలియాలంటే వాటిని కాసేపు పక్కన పెట్టి, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న ఈ నూనెరంగుల చిత్రాన్ని చూడాలి.

దూరం నుంచి చూస్తే, మీటరుకు కొంచెం పైగా ఎత్తున్న తెల్లని కాన్వాసు తప్ప మరేమీ కనిపించదు. ఇప్పుడు ఒక భాగాన్ని పెద్దది చేస్తున్నాను, గమనించండి. బూడిదరంగు అడుగు పూత మీద, దళసరి తెల్లరంగుతో కుంచె తిప్పుతూ వేసిన చిన్న చిన్న వంపులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకున్నాయి; ఆ వలకన్నుల్లోంచి తొంగిచూసే అడుగు రంగే మనకు చుక్కలుగా కనిపిస్తోంది. అంటే ఇక్కడ ఏ చుక్కనూ ఆమె పెట్టలేదు. ధనుర్మాసంలో మన వీధుల్లో వేసే మెలికల ముగ్గుకు చుక్కలు ముందు పడతాయి, గీత వాటి చుట్టూ తిరుగుతుంది. ఈ చిత్రంలో గీతే ముందు నడిచింది, చుక్క దాని వెనుక మిగిలింది.

ఈ తారుమారు వల్లనే చిత్రంలో స్థలం నిలకడగా ఉండదు. ఒక క్షణం వల ముందుకు వచ్చి చుక్కలు లోతైన రంధ్రాలు అనిపిస్తాయి. మరుక్షణం చుక్కలే పైకి తేలి వల వెనక్కి జరుగుతుంది. కన్ను ఆగడానికి నడిమి బిందువు లేదు, అంచు దగ్గర వల ముగిసినట్టూ ఉండదు. చుక్కలు, పూలు గదంతా కమ్ముకుని తనను మింగేస్తున్నట్టు చిన్నతనంలో భ్రాంతులు కలిగేవని కుసామా స్వయంగా చెప్పారు. ఆ భయాన్ని బొమ్మ కట్టి చూపకుండా, చూసేవారి కంటికే ఆ అనుభవం కలిగించడం ఈ చిత్రం సాధించిన ఘనత అని నేను నమ్ముతున్నాను. అదే ఏడాది న్యూయార్క్‌లోని బ్రాటా గ్యాలరీలో ఆమె తెల్లని వలలను చూసి డొనాల్డ్ జడ్ మెచ్చుకుంటూ సమీక్ష రాశారు. ఆయన తరువాతి కాలంలో శిల్పిగా పేరు పొందారు.

1965 నుంచి ఆమె రూపొందించిన, ప్రతిబింబాలు అంతులేకుండా కనిపించే అద్దాల గదుల ముందు నేడు జనం బారులు తీరుతున్నారు. అవీ చూడదగినవే. అయినా అక్కడ అనంతం అద్దాల వల్ల వచ్చింది, ఇక్కడ ఒక్కో వంపుగా చేతితో పుట్టింది కనుక నాకు ఈ వలే ఎక్కువ.

ఫోన్‌లో చూసేవారు చిత్రం మొత్తాన్ని తెరలో ఇరికించి ఒక్క చూపుతో వదిలేయవద్దు, వంపులన్నీ కలిసిపోతాయి. ఒక మూలను పెద్దది చేసి, రంగు మందం ఎక్కడ పెరిగిందో, చుక్క ఎక్కడ దాదాపు మూసుకుపోయిందో నిదానంగా వెతకండి.