కప్పులా, సోనిక్కా? మన తిరుపతి, చిత్తూరు గాలికి ఏ సెన్సార్ మేలు

నమస్తే అండి. ఈ రోజు రివ్యూ గాలి కొలిచే సెన్సార్ల మీద. వెనకాల కనపడుతున్నది పది మీటర్ల వాతావరణ టవర్. పాకాల దాటి దామలచెరువు వైపు, ఒక మామిడితోట పక్కన వేరుశనగ చేలో నిలబెట్టాం. తోట లోపల పెట్టకపోవడానికి కారణం ఉంది. చెట్టయినా ఇల్లయినా, దాని ఎత్తుకు కనీసం పది రెట్ల దూరంలో సెన్సార్ ఉండాలన్నది ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పే కొలత. ఐదు మీటర్ల మామిడిచెట్టుకు యాభై మీటర్లు ఎడం కావాలన్నమాట. ఇది పాటించకపోతే ఎంత ఖరీదైన సెన్సార్ కొన్నా అది కొలిచేది చెట్టు చాటు గాలినే.

పైన అడ్డకడ్డీ చూడండి. ఈ చివర మూడు కప్పులు తిరుగుతున్నాయి, కిందే దిశ చూపే వేన్ ఉంది. ఇది మెకానికల్. ఆ చివర ఏమీ తిరగదు, నాలుగు చిన్న కొమ్ములు మాత్రం ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి. అది సోనిక్, శబ్దంతో గాలిని కొలిచేది. ఏ కంపెనీవో చెప్పడం లేదు. ఈ రెండు రకాల మధ్య తేడా తెలిస్తే ఏ బ్రాండ్ కొన్నా మీకు పనికొస్తుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తా. మన ప్రాంతంలో కొత్తగా టవర్ పెట్టేవాళ్లు, బ్యాటరీ సరిగ్గా పెట్టుకోగలిగితే, సోనిక్‌కే వెళ్లండి. కచ్చితత్వం ఒక కారణమే, అయితే అసలు కారణం వేరే ఉంది. పాడైనప్పుడు ఆ సంగతి మనకు చెప్పే సెన్సార్ ఏది, చెప్పకుండా తప్పుడు అంకె ఇచ్చేది ఏది అన్నది నాకు ముఖ్యం. ఎందుకో చూపిస్తా.

ముందు కప్పులు. వీటిని 1846లో ఐర్లండ్‌లోని ఆర్మా అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త థామస్ రోమ్నీ రాబిన్సన్ తయారుచేశాడు. అప్పుడు నాలుగు కప్పులు. కప్పు చిన్నదైనా పెద్దదైనా గాలి వేగంలో మూడో వంతుతో తిరుగుతుందని ఆయన నమ్మాడు. ఆ లెక్క నిలవలేదు. కప్పు సైజునుబట్టి, చేతి పొడవునుబట్టి ఆ నిష్పత్తి మారుతుందని తర్వాత తేలింది. 1926లో కెనడాకు చెందిన జాన్ ప్యాటర్సన్ మూడు కప్పుల డిజైన్ తెచ్చాడు. ఇప్పుడు మనం ఎక్కువగా చూసేది అదే.

లోపల పెద్ద యంత్రమేమీ లేదు. ఇరుసుకు ఒక అయస్కాంతం, పక్కన ఒక స్విచ్. ఒక్కో చుట్టుకు ఒకటో రెండో పల్స్‌లు వస్తాయి, రీడింగులు దాచే పెట్టె, అంటే డేటా లాగర్, వాటిని లెక్కపెడుతుంది. కరెంటు దాదాపు అక్కర్లేదు. పాడైతే బేరింగ్ మార్చుకోవచ్చు, చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా చేసేస్తాడు. ఈ సింప్లిసిటీ అంటే నాకు నిజంగా గౌరవం. గాలిమరలు పెట్టే ముందు ఆ చోటును అంచనా వేసేవాళ్లు ఈ రోజుకీ మంచి కప్పుల మీదే ఆధారపడతారు. తిరుమల వెళ్లేటప్పుడు కాకులకొండ మీద గాలిమరలు చూసే ఉంటారు. గాలిలోని శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. అంటే వేగం కొలవడంలో పది శాతం ఎక్కువ చూపితే శక్తి లెక్కలో ముప్పై మూడు శాతం పొరపాటు వస్తుంది. అంత పట్టింపు ఉన్న పనికి కూడా క్యాలిబ్రేట్ చేసిన కప్పులు సరిపోతున్నాయి.

మరి చిక్కెక్కడ? ఇదిగో, దగ్గరికి తెస్తున్నా చూడండి. ఇది టవర్ మీద నుంచి దింపిన పాత కప్పుల సెట్. వేలితో మెల్లగా ఒక్క తోపు తోస్తున్నా. వినపడుతోందా, ఆ గరగర? కొత్తదైతే చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగి, ఎక్కడ ఆగిందో తెలియనంత మెత్తగా ఆగుతుంది. ఇది రెండు మూడు చుట్లు తిరిగి టక్కున ఆగిపోతోంది. ఈ ఇరుసు మొదట్లో గోధుమరంగు జిడ్డు చూడండి. ఎండాకాలం ఎర్రమట్టి దుమ్ము బేరింగ్‌లోని గ్రీజుతో కలిసి పేస్టులా తయారైంది.

దీనివల్ల ఏమవుతుందంటే, కప్పులు కదలడం మొదలుపెట్టే వేగం పెరిగిపోతుంది. మంచి కప్పులు సెకనుకు అర మీటరు గాలికే తిరుగుతాయి. బేరింగ్ పట్టేస్తే ఒక మీటరు దాటినా కదలవు. పగటిపూట గాలి బాగా వీస్తుంటుంది కాబట్టి గ్రాఫ్ మామూలుగానే కనపడుతుంది. తేడా అంతా రాత్రిపూట, తెల్లవారుజామున.

ఈ తోట పెద్దాయన ఒకసారి పొద్దున్నే నన్ను ఆపి అడిగారు. "ఏం నాయనా, మీ మిషన్‌లో గాలి సున్నా అంటా ఉండాది. ఆడ చూడు, పొగ తూరుపుకు పోతా ఉండాదే! గాలే లేకుంటే పొగ ఎట్ల పోతాది?" ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గట్టు మీద చెత్త కాల్చిన పొగ నేలబారుగా జారిపోతోంది. కప్పులు సున్నా అంటుంటే సోనిక్ మాత్రం పడమటి గాలి మెల్లగా వీస్తోందంటోంది. చుట్టూ కొండలున్న ఊళ్లలో రాత్రి వాలు మీది గాలి చల్లబడి బరువెక్కి కిందికి జారుతుంది. మన దగ్గర ఆ కొద్దిపాటి గాలికి చాలా పని ఉంది.

మందు కొట్టేవాళ్లకు ఇది అవసరం. సాధారణంగా చెప్పే సలహా ప్రకారం గంటకు మూడు నుంచి పదిహేను కిలోమీటర్ల గాలిలో స్ప్రే చేయాలి. గాలి నిలిచిపోయిన తెల్లవారుజామున, నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చగాలి ఉన్నప్పుడు సన్నటి తుంపర కిందికి దిగకుండా తేలుతూ పోయి పక్క చేను మీద పడుతుంది. సెకనుకు ఒక మీటరు అంటే గంటకు 3.6 కిలోమీటర్లు. స్ప్రే చేయొచ్చా వద్దా అని తేల్చే అంకె, అరిగిన కప్పులు పనిచేయని చోటే సరిగ్గా ఉందన్నమాట.

రెండో చిక్కు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మే నెల సాయంత్రాలు మీకు తెలుసు. ఉక్కపోత, ఉన్నట్టుండి ఈదురుగాలి, తోతాపురి కాయలు రాలిపోవడం. అలాంటి గాలి పోటెత్తినప్పుడు కప్పు బోలువైపు గాలి గట్టిగా తన్నుతుంది కాబట్టి కప్పులు వెంటనే వేగం అందుకుంటాయి. గాలి తగ్గినప్పుడు మాత్రం అంత త్వరగా తగ్గవు. దాంతో పోటుగాలిలో సగటు అసలు కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడ కూడా మే గ్రాఫులు ఒకదాని మీద ఒకటి వేస్తే మధ్యాహ్నాలు కప్పుల గీత కొద్దిగా పైన, తెల్లవారుజామున బాగా కింద కనపడుతోంది. ఒకే సెన్సార్ ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ చెబితే నెల సగటు చూసి ఏమీ పట్టుకోలేం. అందుకే నెల సగటు మాత్రమే చూపించే రిపోర్టులను నేను నమ్మను.

ఇంకో మాట, డ్రిప్ షెడ్యూల్ వేసుకునేవాళ్లకు. నీటి అవసరం లెక్కగట్టే ఫార్ములాకు రెండు మీటర్ల ఎత్తులో గాలి కావాలి. పది మీటర్ల దగ్గర వచ్చిన వేగాన్ని 0.75తో గుణిస్తే దాదాపు అదే. కప్పులు పట్టేసి గాలి తక్కువ చూపిస్తే నీటి లెక్క కూడా తక్కువే వస్తుంది.

ఇప్పుడు సోనిక్. దీని పని వింటే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. ఎదురెదురు కొమ్ములు మన చెవికి వినపడని శబ్దాన్ని ఒకదానికొకటి పంపుకుంటాయి. స్వర్ణముఖిలో నీళ్లున్నప్పుడు వాలుకు ఈదితే త్వరగా చేరతాం, ఎదురీదితే ఆలస్యమవుతుంది. శబ్దానికి కూడా గాలిలో అంతే. కొమ్ముల మధ్య ఇరవై సెంటీమీటర్లు, శబ్ద వేగం సెకనుకు 350 మీటర్లు, గాలి ఐదు మీటర్లు అనుకోండి. గాలివాలున 563 మైక్రోసెకన్లు, ఎదురుగా 580. తేడా పదహారు, పదిహేడు మైక్రోసెకన్లు. గాలి ఒక్క మీటరే అయితే తేడా మూడు మైక్రోసెకన్లు. ఆ మూడింటినీ పట్టుకుని వేగం చెబుతుంది.

ఎండ పెరిగితే శబ్ద వేగం కూడా పెరుగుతుంది కదా, మన నలభై డిగ్రీల వేసవిలో లెక్క తప్పదా అని మీకు అనుమానం రావచ్చు. తప్పదు. రెండువైపులా పట్టిన కాలాన్ని తలకిందులు చేసి (అంటే ఒకటిని ఆ కాలంతో భాగించి) ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే శబ్ద వేగం లెక్కలోంచి పూర్తిగా ఎగిరిపోతుంది, గాలి ఒక్కటే మిగులుతుంది. అవే రెండింటినీ కలిపితే శబ్ద వేగం వస్తుంది, దాన్నిబట్టి గాలి ఉష్ణోగ్రత కూడా చెప్పొచ్చు. కదిలే భాగం లేదు, అరిగే బేరింగ్ లేదు, వేగం దిశ రెండూ ఒకే పరికరంలో వస్తాయి. వేన్‌లో ఉత్తరం దగ్గర కొన్ని డిగ్రీల ఖాళీ ఉంటుంది, అక్కడ రీడింగ్ తడబడుతుంది. సోనిక్‌కు ఆ ఇబ్బంది లేదు.

మూడు దిక్కుల సోనిక్‌లు కూడా ఉంటాయి, పైకీ కిందికీ వీచే గాలిని సెకనుకు పదిసార్లు, ఇరవైసార్లు కొలుస్తాయి. నేల నుంచి వేడి, తేమ ఎంత పైకి పోతున్నాయో కొలవాలంటే అవే దిక్కు. ఇక్కడికి దగ్గర్లోనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది కదా. అక్కడి 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తు గాలిని చూస్తుంది, నేల దగ్గరి సంగతికి మాత్రం టవరే కావాలి. మన తోటలకు రెండు దిక్కులదే చాలు, అనవసరంగా ఖర్చు పెట్టకండి.

సోనిక్ కష్టాలు కూడా దాచకుండా చెబుతా. మొదటిది వాన. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచెత్తిన వాన లాంటిది పడితే కొమ్ముల మీద చుక్క నిలిచి శబ్దాన్ని అడ్డుకుంటుంది. స్క్రీన్ మీద ఈ వరస చూడండి: 213, 3.42, ఎం, 00. దిశ, వేగం, మీటర్లలో అని గుర్తు, చివర స్టేటస్. రెండు సున్నాలుంటే అంతా సవ్యం. చుక్క అడ్డొస్తే ఆ సున్నాల చోట వేరే అంకె వస్తుంది, వేగం రాదు. నాకు ఈ సెన్సార్‌లో నచ్చింది సరిగ్గా ఇదే. కొలవలేకపోతే కొలవలేకపోయానని చెబుతుంది. కప్పులు అలా చెప్పలేవు. బేరింగ్ పట్టినా సున్నా, గాలి లేకపోయినా సున్నా, వైరు తెగినా సున్నా. అందుకే లాగర్‌లో ఆ స్టేటస్ అంకెను తప్పకుండా భద్రపరచండి. చాలా సెటప్‌లలో వేగం, దిశ మాత్రమే దాచి దాన్ని వదిలేస్తారు. అలా చేస్తే సోనిక్‌కు పెట్టిన డబ్బులో సగం వృథా.

తర్వాత సాలెపురుగులు, కందిరీగలు, కాకులు. కొమ్ముల మధ్య జాగా వాటికి మహా ఇష్టం. పైన ముళ్లలాంటి బర్డ్ స్పైకులు తప్పనిసరి. గూడు కడితే ఎక్కి తుడవాల్సిందే.

ఇక పవర్. సోనిక్, లాగర్, మోడెమ్ అన్నీ కలిపి నలభై మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి వారం రోజులు ఎండ రాకపోతే చిన్న ఏడు ఆంపియర్ అవర్ బ్యాటరీ చేతులెత్తేస్తుంది. సరిగ్గా డేటా కావాల్సిన రోజుల్లోనే. పద్దెనిమిదికి తగ్గకండి. చలిదేశాల కోసం హీటర్ ఉన్న మోడళ్లు అమ్ముతారు, మనకు మంచు పేరుకోదు, దానికి డబ్బు పెట్టొద్దు. పిడుగుల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కప్పుల స్విచ్ పోతే చిన్న ఖర్చు, సోనిక్ బోర్డు కాలితే మొత్తం కొత్తది కొనాల్సిందే, ధర కప్పులకు ఎన్నో రెట్లు. ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా టవర్ ఎక్కించకండి.

ఏది బిగించినా ఉత్తరం సరిచూసుకోండి. మన దగ్గర దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే, కాబట్టి దిక్సూచి సరిపోతుంది. టవర్ ఇనుముకు దూరంగా నిలబడి చూడాలి, దగ్గరైతే ముల్లు తప్పు చూపిస్తుంది. దిశను సగటు కట్టేటప్పుడు అంకెలు కూడి భాగించకండి. 350, 10 రెండూ ఉత్తరపు గాలులే, కూడి సగం చేస్తే 180, దక్షిణం వస్తుంది. లాగర్‌లో వెక్టర్ సగటు, అంటే దిశలను బాణాల్లా కలిపి కట్టే సగటు, పెట్టించండి.

ఇప్పటికే కప్పులున్నవాళ్లు వాటిని తీసేయక్కర్లేదు. పరిశోధనకో, స్ప్రే సలహాకో కాకుండా తుపాను గాలి ఎంత వచ్చిందో తెలిస్తే చాలనుకునే తోటకు కప్పులే చవక, నమ్మకం. ఏడాదికొకసారి, ఈశాన్య రుతుపవనాలు రాకముందే సెప్టెంబర్‌లో దింపి, బేరింగ్ మార్చి, ఇందాక చూపించినట్టు వేలితో తోసి చూసి మళ్లీ ఎక్కించండి. సోనిక్ కొనే స్తోమత ఉంటే పాత కప్పులను అడ్డకడ్డీ రెండో చివర అలాగే ఉంచండి. తెల్లవారుజాము రీడింగులు నెలకోసారి పక్కపక్కన పెట్టి చూస్తే కప్పుల సున్నాలు ఎప్పటి నుంచి పెరుగుతున్నాయో కనపడుతుంది. బేరింగ్ మార్చాల్సింది అప్పుడే.