తుంటి నొప్పి: రిపోర్టులో 63 డిగ్రీలుంటే ఆపరేషనేనా?

యాంకర్: తాడిపత్రి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. టీవీ సౌండు తగ్గించి మాట్లాడండి.

కాలర్: నమస్తే సార్. నాకు 29 ఏండ్లు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేస్తాండా. ఆర్నెల్ల నుంచి కుడి గజ్జలో నొప్పి. గొంతుక్కూర్చుంటే పట్టేస్తాది. అనంతపురంలో ఎక్స్‌రే తీపిస్తే ఆల్ఫా యాంగిల్ కుడిపక్క 63, ఎడమపక్క 62 అని రాసినారు. 60 దాటితే ఆపరేషనే అంటాండారు.

డాక్టర్: ఎడమ తుంటి నొస్తుందా?

కాలర్: ఆ పక్క ఏం లేదు సార్.

డాక్టర్: మరి 62 ఉన్న కాలు నిక్షేపంలా ఉందిగా! ఆ కొలత ఎలా తీస్తారో చెప్తాను. తొడ ఎముక బంతి మీద ఫిల్ములో ఒక వృత్తం గీస్తారు. నడిమధ్య నుంచి ఎముక మెడ వెంబడి ఒక గీత, ఎముక ఆ వృత్తం దాటి ఉబికే చోటికి ఇంకో గీత. ఆ రెంటి మధ్య కోణమే ఇది. సాధారణంగా 60 దాటితే ఉబ్బు ఉందంటాం. ఆ ఉబ్బు సాకెట్, అంటే బంతి కూర్చునే గిన్నె, అంచుకు ఒరుసుకుని నొప్పి తెస్తే దాన్ని ఇంపింజ్‌మెంట్ జబ్బంటాం. నొప్పే లేనివాళ్ళలో కూడా ఉబ్బు బోలెడంతమందికి కనిపిస్తుంది.

కాలర్: సాకెట్ అంచు గురించి కూడా ఏందో రాసినారు సార్. సెంటర్ ఎడ్జ్ 33, క్రాస్ఓవర్ ఉండాదంట.

డాక్టర్: సెంటర్ ఎడ్జ్ అంటే సాకెట్ బంతిని ఎంత కప్పిందో చెప్పే కోణం. 33 మామూలే. 25 నుంచి 40 దాకా ఫర్వాలేదు. క్రాస్ఓవర్ అంటే సాకెట్ ముందంచు గీత, వెనకంచు గీత ఫిల్ములో ఒకదాన్నొకటి దాటినట్టు కనబడటం. ఆ మాటను మాత్రం నేను అంత తొందరగా నమ్మను. నడుము కాస్త వాలినా, పక్కకు తిరిగినా ఫిల్ములో అది దొంగగా కనబడుతుంది. సరే, నొప్పి చూపించమంటే చెయ్యి ఎక్కడ పెడతావు?

కాలర్: బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు గజ్జకాడికి... తుంటిని ఇట్లా పట్టుకుంటా సార్.

డాక్టర్: ఆ పట్టు చూస్తే నొప్పి కీలు లోపలిదే అనిపిస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు ఛాతీ వైపు వంచి, రెండో కాలు వైపు తెచ్చి, పాదం బయటికి తిప్పి చూశారా?

కాలర్: ఎవరూ మంచమెక్కించలేదు సార్. ఫిల్ము లైటుకు పెట్టి చూసినారు, అంతే.

డాక్టర్: అదీ సంగతి! నొప్పి, చేత్తో చేసే పరీక్ష, ఫిల్ము, మూడూ కలిస్తేనే ఇంపింజ్‌మెంట్ అని పేరు పెట్టాలని 2016లోనే ఇంగ్లండ్‌లోని వార్విక్ యూనివర్సిటీలో నిపుణులు ఒప్పందానికొచ్చారు. ముందు ఆ పరీక్ష చేయించుకో. అందులో నొప్పి రాకపోతే ఇది కాకపోవచ్చు. వచ్చినా ఆ ఒక్కదానితో తేలదు. ఇదేనని తేలినా, మూణ్ణెల్లు ఫిజియోథెరపీ చేసి చూశాకే ఆపరేషన్ మాట. స్టెరాయిడ్లు ఏమైనా వాడావా? మందు అలవాటుందా?

కాలర్: (నవ్వుతూ) ఆదివారం ఒకరోజు సార్.

డాక్టర్: రాత్రిపూట నొప్పి పెరిగితే ఎమ్మారై తీయించాలి. స్టెరాయిడ్లు, మందు వల్ల బంతికి రక్తం అందకుండా పోవచ్చు, అది మొదట్లో ఎక్స్‌రేలో దొరకదు. అప్పటిదాకా బండల దగ్గర గొంతుక్కూర్చోకు, ఎత్తు పీట వేసుకో.

కాలర్: పీట వేసుకుంటే మేస్త్రి ఊరుకోడే సార్...

యాంకర్: మేస్త్రిని కూడా మాకు ఫోన్ చేయమనండి! తర్వాతి కాల్ గుంతకల్లు నుంచి.