ప్రెస్ అంటే ఒత్తడమే!

[దృశ్యం: చెన్నై, వేపేరి. రోడ్డు పక్కన చెరకు రసం బండి. మర తిరుగుతోంది.]

చూడండి, అన్న చెరకు గడను మరలో దూర్చాడు, మడిచి మళ్లీ దూర్చాడు. పిప్పి అటు, రసం ఇటు. ఇంగ్లిష్ 'ప్రెస్' కథ ఇలాంటి మర దగ్గరే మలుపు తిరిగింది.

లాటిన్‌లో 'ప్రెమెరె' అంటే నొక్కడం, అదమడం. ద్రాక్షపళ్లు పిండే మరకు ప్రెస్ అనే పేరు అలా వచ్చింది. 1450 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో గూటెన్‌బర్గ్ ఆ తరహా మరనే అచ్చుపనికి మలుచుకున్నాడు. ఆ అచ్చుయంత్రం పేరే తర్వాత పత్రికలకూ, విలేకరులకూ, చివరికి బైకుల మీద స్టిక్కర్లకూ అంటుకుంది!

[దృశ్యం: వేపేరి వీధి, పాత భవనాలు]

వేపేరికే ఎందుకొచ్చానంటే, 1761లో ఇంగ్లిష్ సైన్యం పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకున్న అచ్చుయంత్రం ఇక్కడికే చేరింది. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయిందీ మద్రాసులోనే.

'ఎక్స్‌ప్రెస్' అంటే బయటికి పిండడం. మనసులో మాటైనా సరే, కాఫీ అయినా సరే. ఎస్ప్రెస్సో ఇటలీ నుంచి వచ్చిన దాని చుట్టమే. అందులో నీళ్లను సుమారు 9 బార్ల ఒత్తిడితో పొడిలోంచి తోస్తారు. మన ఫిల్టర్ డికాక్షన్‌ను ఎవరూ నొక్కరు, దానంతటది బొట్టుబొట్టుగా దిగుతుంది. నా ఓటు దానికే.

[దృశ్యం: మెరీనా, మబ్బు పట్టిన ఆకాశం]

కిందికి అదిమితే 'డిప్రెషన్'. మనసుకూ అదే, బంగాళాఖాతానికీ అదే. నవంబరులో టీవీవాళ్లు "అల్పపీడనం బలపడి వాయుగుండంగా మారింది" అంటారే, ఆ వాయుగుండాన్ని ఇంగ్లిష్‌లో డిప్రెషన్ అంటారు. మన 'పీడనం' మాత్రం తక్కువదా? సంస్కృతంలో దాని ధాతువుకూ నొక్కడం, పిండడం అనే అర్థాలున్నాయి. ఫిజిక్స్ పుస్తకంలో అది ప్రెషర్. ఇంట్లో "నన్ను పీడించకురా" అంటే అదే మాట బాధగా మారిపోతుంది. ఇంగ్లిష్ 'అప్రెస్' (అణచివేయడం) నడిచిందీ ఈ దారే.

ఇక తెలుగు 'ఒత్తు'. జంతికలు ఒత్తుతాం, అమ్మమ్మ కాళ్లు ఒత్తుతాం, మాటను ఒత్తి పలుకుతాం, ఆఫీసు నుంచి ఒత్తిడి మోసుకొస్తాం.

[దృశ్యం: పిల్లాడి నోటుపుస్తకం]

మా అక్క కొడుకు ఇక్కడే తమిళంలో చదువుకుంటున్నాడు, తెలుగు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాడు. తమిళంలో ఒత్తు రాయకుండా అక్షరం మీద చుక్క పెట్టేస్తే సరిపోతుంది కాబట్టి, మన ఒత్తులంటే వాడికి టెన్షన్. 'ప్రెస్' రాయరా అంటే 'పెరస్' అని రాశాడు.

ర ఒత్తు మర్చిపోయాడు.